యుద్ధం మధ్యలో శత్రువు కొలువులో చేరిన సముద్ర చిత్రకారుడు: వాన్ డి వెల్డె బొమ్మల్ని ఎలా చూడాలి?

గోదారి_లండన్
2023లో గ్రీనిచ్ క్వీన్స్ హౌస్‌లో వాన్ డి వెల్డె తండ్రీకొడుకుల ఎగ్జిబిషన్ పెట్టినప్పుడు వెళ్లాను. అప్పటి నుంచి ఒక విషయం గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఇక్కడ బొమ్మలు వేసేవాళ్లు, నేవీలో చేసినవాళ్లు ఉన్నారు కాబట్టి అడుగుతున్నా.

తండ్రి విల్లెం వాన్ డి వెల్డె 1611లో లైడెన్‌లో పుట్టిన డచ్చివాడు. డచ్చి నౌకాదళంతో పాటు చిన్న గాలియట్ పడవలో యుద్ధంలోకి వెళ్లి, గుళ్లు పడుతుంటే కాగితం మీద గీసుకునేవాడు. 1653 టెర్‌హైడ్, 1658 సౌండ్ జలసంధి, 1666 నాలుగు రోజుల యుద్ధం, 1672 సోల్‌బే. అన్నిటికీ కళ్లారా సాక్షి. ఇంతవరకూ చదివి చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది.

తర్వాత గోడ మీద ఇంకో కార్డు చదివాను. సోల్‌బే యుద్ధం జూన్‌లో. ఆ చలికాలానికే తండ్రీకొడుకులిద్దరూ ఇంగ్లండ్ వెళ్లిపోయారు. డచ్చివాళ్లకూ ఇంగ్లండుకూ యుద్ధం ఇంకా నడుస్తోంది! 1673లో డచ్చి తీరంలోని స్కూనెవెల్ట్ దగ్గర అదే డచ్చివాళ్ల మీద యుద్ధం జరిగితే, దాన్ని ఇంగ్లీషు ఓడల వైపు నుంచి గీశాడు ఈయన. నిన్నటిదాకా ఎవరి అన్నం తిన్నాడో వాళ్ల ఓడలు తగలబడుతుంటే శత్రువు కోసం గీయడం నాకు మింగుడు పడట్లేదు. ఇలాంటి మనిషి బొమ్మను యుద్ధానికి సాక్ష్యంగా నమ్మొచ్చా?

చరిత్ర_పిచ్చి
1672 అంటే డచ్చివాళ్లకు మామూలు ఏడాది కాదండీ. వాళ్ల చరిత్రలో దాన్ని విపత్తు సంవత్సరం అనే పిలుస్తారు. ఫ్రాన్స్, ఇంగ్లండ్, మున్‌స్టర్, కొలోన్ నాలుగూ కలిసి మీద పడ్డాయి. దేశంలో సగం దాకా ఫ్రెంచి సైన్యం వచ్చేసింది, వీళ్లే గట్లు తెంచి పొలాలు ముంచుకున్నారు. అలాంటప్పుడు బొమ్మలు ఎవడు కొంటాడు? ఆ కాలంలోనే వెర్మీర్ అనే డచ్చి చిత్రకారుడు కూడా ఒక్క బొమ్మ అమ్ముడుపోక అప్పుల్లో పోయాడు, ఆయన భార్య తర్వాత ఆ మాటే చెప్పుకుంది. సరిగ్గా అప్పుడే ఇంగ్లండ్ రాజు రెండో చార్లెస్ డచ్చివాళ్లెవరైనా వచ్చి స్థిరపడొచ్చు, రక్షణ ఇస్తామని ప్రకటన చేశాడు. వెళ్లారు.

గోదారి_లండన్
వెర్మీర్ వెళ్లలేదు కదా.

చరిత్ర_పిచ్చి
వెర్మీర్ 43 ఏళ్లకే పోయాడు కూడా. పదకొండు మంది పిల్లల్ని, అప్పుల్ని వదిలి.

విశాఖ_అలలు
నేను 19 ఏళ్లు నేవీలో చేశాను. నా సంగతి సూటిగా చెప్తా. యూనిఫాం వేసుకున్నవాడు అటు దూకితే ద్రోహం. ఈయన యూనిఫాం వేసుకోలేదు, ఆయుధం పట్టలేదు. కానీ గోదారి గారికి కోపం ఎందుకొచ్చిందో నాకు అర్థమైంది. డచ్చి ఓడల కట్టుబడి, ఫిరంగులు ఎక్కడెక్కడ ఉంటాయి, వరుస ఎలా కడతాయి, ఇవన్నీ ఆ మనిషి తలలో ఉన్నాయి. వెంట ఆ కాగితాలూ తీసుకెళ్లాడు. మా రోజుల్లో అయితే ఆ కాగితాల పెట్టె గేటు దాటేది కాదు.

నీటిరంగులు
పెట్టె సంగతికి మళ్లీ వద్దాం. ముందు ‘నమ్మొచ్చా’ అన్నారే, దానికి నా జవాబు: కాగితాన్ని నమ్మండి, పెద్ద బొమ్మను ఆలోచించి నమ్మండి.

నేను స్కూల్లో డ్రాయింగ్ టీచర్ని. తండ్రి గీసిన కాగితాల ఫొటోలు ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. నల్ల చాక్, దాని మీద నీళ్లలో కలిపిన బూడిద రంగు పూత, అంతే. ఒక కాగితం చాలకపోతే పక్కన ఇంకోటి అతికించి వెడల్పుగా గీసుకుంటూ పోయాడు. దూరంగా ఉన్న ఓడ అంటే రెండు నిలువు గీతలు, ఒక జెండా. పక్కన చిన్న అక్షరాలతో ఆ ఓడ పేరు, ఎటు తిరిగిందో, ఏం జరిగిందో. అందంగా కనపడాలన్న యావ ఎక్కడా లేదు. మర్చిపోకుండా రాసుకున్న చిట్టా అది. అలాంటి కాగితంలో అబద్ధం పెట్టాలన్నా టైం ఉండదు.

పెద్ద బొమ్మ వేరు. అది నెలల తర్వాత ఇంట్లో కూర్చుని, డబ్బిచ్చేవాడి గోడ సైజు చూసుకుని వేసేది.

పాత_పేపరు
నీటిరంగులు అమ్మా, ఆ చివరి మాట దగ్గర ఆగాను.

1977 నవంబరు దివిసీమ ఉప్పెన. 19న వచ్చింది. నేను అప్పుడు కొత్తగా ఒక పత్రికకు ఫొటోలు తీసేవాణ్ణి. నాలుగో రోజు లోపలికి వెళ్లగలిగాం. మూడు రీళ్లు తీశాను. ఒక ఫొటోలో ఒక ముసలాయన తాటిచెట్టు మొదట్లో కూర్చుని రాగి చెంబు తోముతున్నాడు. చుట్టూ ఇల్లు లేదు, మనుషుల్లేరు. ఇసుకతో ఆ చెంబే తోముతున్నాడు. నాకు తెలిసి ఆ మూడు రీళ్లలో నిజమైన ఫొటో అదే. ఆఫీసులో దాన్ని పక్కన పెట్టి, హెలికాప్టర్ నుంచి పొట్లాలు వేస్తున్న ఫొటో మొదటి పేజీలో వేశారు. అది కూడా అబద్ధం కాదు, పొట్లాలు పడ్డాయి. కానీ చూసినవాడిని నేను, ఏది చూపించాలో తేల్చినవాళ్లు వేరే.

ఈయన డచ్చివాళ్ల దగ్గర ఉన్నా అంతే జరిగి ఉంటుంది. గెలిచిన ఓడ మధ్యలో, ఓడిన ఓడ మూలన.

గోదారి_లండన్
పాత పేపరు గారూ, ఆ చెంబు ఫొటో ఇప్పుడుందా?

పాత_పేపరు
నెగటివ్ పోయింది. కళ్లలో ఉంది.

కలం_కాళహస్తి
ఇంతమంది మాట్లాడారు గానీ ఆయన పెన్ను బొమ్మల గురించి ఎవరూ అనలేదేంటి? మాకు ఆయన దగ్గరివాడు అనిపించేది దాని వల్లే!

టెర్‌హైడ్ యుద్ధం బొమ్మ, 1657లో వేసింది, ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్‌మ్యూజియంలో ఉంది. దాదాపు మూడు మీటర్ల వెడల్పు. రంగు లేదు. తెల్ల సీసం పూసి నున్నగా చేసిన నేల, దాని మీద కలంతో సిరా. తాళ్లు, తెరచాపల మడతలు, ఓడ అమరం మీద చెక్కుడు బొమ్మలు, నీళ్ల మీద చిన్న చిన్న అలలు, మొత్తం గీతే. అచ్చువేసిన బొమ్మేమో అనుకుంటారు దూరం నుంచి.

మా ఇంట్లో మూడు తరాలుగా కలంకారీ. వెదురు పుల్ల కొస చెక్కి, గుడ్డ చుట్టి, కసిమి అనే నల్లరంగులో ముంచి గీస్తాం. గుడ్డ మీద ఒకసారి నల్ల పడితే ఇక చెరపడం లేదు. చెయ్యి వణికితే ఆ వణుకు బట్ట చిరిగేదాకా ఉంటుంది. ఆయనదీ అదే తంతు. మూడు మీటర్ల తెల్ల నేల మీద వేల గీతలు, ఒక్కటి జారినా కనపడుతుంది. ఆ ఓపిక ఉన్న మనిషిని డబ్బు కోసం గోడ దూకాడు అని ఒక్క మాటలో తేల్చేయడానికి నాకు మనసు ఒప్పదు.

బెజవాడ_బాబాయ్
కాళహస్తి తమ్ముడు దొరికితే ఎక్కడైనా కలంకారీ దగ్గరికి తెస్తాడు అనుకున్నా, ఈసారి నిజంగానే దారి ఉంది. మచిలీపట్నం అద్దకాలు ఓడలకెత్తుకుపోయింది ఆ డచ్చివాళ్లే కదా!

చరిత్ర_పిచ్చి
బాబాయ్ అన్నది నిజం. ఇంకో దారి కూడా ఉంది. ఈ థ్రెడ్‌లో అడుగుతున్న ఆ 1673లోనే, అదే మూడో ఆంగ్లో డచ్ యుద్ధంలో భాగంగా, మన పెద్దపల్లి దగ్గర సముద్రంలో డచ్చి, ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీల ఓడలు తలపడ్డాయి. పెద్దపల్లి అంటే ఇప్పటి నిజాంపట్నం. ఇంగ్లీషు కంపెనీ దెబ్బతింది, ఓడలు పోగొట్టుకుంది. అక్కడ స్కూనెవెల్ట్‌లో కాగితాలు పట్టుకుని ఒక మనిషి ఉన్నాడు. ఇక్కడ ఎవరూ లేరు. అందుకే నిజాంపట్నం పిల్లలకు కూడా ఆ సంగతి తెలియదు.

ఉప్పాడ_తీరం
మాది నిజాంపట్నం కాదు గానీ సముద్రమే. ఇది ఇప్పుడే వింటున్నా. మన తీరంలో ఇంత జరిగిందా?

విశాఖ_అలలు
మా ఊళ్లోనూ జరిగింది తమ్ముడూ. 1804 సెప్టెంబరు. విశాఖ రేవు ముందు సెంచూరియన్ అనే 50 ఫిరంగుల ఇంగ్లీషు ఓడ లంగరేసి ఉంది. ఫ్రెంచి అడ్మిరల్ లినోయ్ మారెంగో అనే పెద్ద ఓడ, ఫ్రిగేట్లనే చిన్న యుద్ధ ఓడలు రెండు వేసుకుని వచ్చి పడ్డాడు. పక్కనున్న రెండు సరుకు ఓడల్లో బార్నబీ ఒడ్డుకు కొట్టుకుని పగిలిపోయింది, ప్రిన్సెస్ షార్లెట్‌ను పట్టుకుపోయారు. సెంచూరియన్ మాత్రం లొంగలేదు. ఆ యుద్ధానికి ఆక్వాటింట్, అంటే రాగి రేకు నుంచి అచ్చేసిన బొమ్మ, ఒకటుంది. అది ఇంగ్లీషువాళ్ల కోసం అచ్చేసింది, కాబట్టి కథ అంతా సెంచూరియన్ చుట్టే. ఒడ్డున నిలబడి చూసిన మనవాళ్ల వైపు నుంచి బొమ్మ లేదు. నాకు బీచ్ రోడ్డు మీద నడుస్తున్నప్పుడల్లా ఆ లోటు గుర్తొస్తుంది.

నీటిరంగులు
అందుకే అంటున్నా, ఏ వైపు నుంచైనా ఒకడు కాగితంతో అక్కడ ఉండటమే పెద్ద అదృష్టం.

గోదారి_లండన్
సరే, ఒప్పుకుంటా. కానీ విశాఖ గారు అన్న పెట్టె మాట నాకు ఇంకా తిరుగుతోంది. సోల్‌బే విషయమే చూడండి. డచ్చి వైపు గాలియట్‌లో ఉండి గీశాడు. డచ్చివాళ్లు నిప్పంటించి వదిలిన నిప్పు ఓడ వచ్చి అంటుకుని ఇంగ్లీషు వాళ్ల రాయల్ జేమ్స్ కాలిపోయింది. దాని మీదున్న ఇంగ్లీషు అడ్మిరల్ శాండ్‌విచ్ ప్రభువు చచ్చిపోయాడు, రోజుల తర్వాత శవం నీళ్లలో దొరికితే బట్టల మీది బిరుదు చిహ్నం చూసి గుర్తుపట్టారు. అదే యుద్ధం మీద తర్వాత ఇంగ్లండ్‌లో టేపెస్ట్రీలు, అంటే గోడకు వేలాడదీసే బొమ్మల తెరలు, నేయించారు, వాటికి నమూనా గీసింది ఈయనే! ఆ గుడ్డ ముందు నిలబడ్డాను. రాయల్ జేమ్స్ మంటలు ఎర్రగా, బంగారంగా నేశారు. గెలుపు తెచ్చిన మంటగా చూసి గీసింది, ఓడిపోయినవాడి గోడ మీద దుఃఖంగా వేలాడుతోంది. గీసిన చెయ్యి ఒక్కటే. అప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. మెచ్చుకోవాలో అసహ్యించుకోవాలో తెలియలేదు.

ఆమ్‌స్టర్‌డామ్_అత్త
నేను 14 ఏళ్లుగా ఇక్కడే ఉంటున్నా. మా ఆఫీసులో ఒక పెద్దాయన్ని నిన్న ఇదే అడిగాను, మీవాళ్లు ఆయన్ని ద్రోహి అంటారా అని. ఆయన నవ్వి, మా మ్యూజియంలో ఆయనకు పెద్ద గోడ ఇచ్చాం, ఇంకేం అనాలి అన్నాడు. ఇక్కడ నాకెవరూ ఆ కోపంతో మాట్లాడుతూ కనపడలేదు. గోదారి బాబూ, నువ్వు వాళ్లకంటే ఎక్కువ బాధపడుతున్నావు.

బెజవాడ_బాబాయ్
అత్త గారు చెప్పింది వింటుంటే, పెళ్లివాళ్లు ఇరువైపులా రాజీపడిపోయాక మధ్యలో చుట్టం ఇంకా అలిగి కూర్చున్నట్టుంది.

గోదారి_లండన్
బాబాయ్ 😀 అలక తీరలేదు ఇంకా.

చరిత్ర_పిచ్చి
జీతం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అందులో ఒక ముచ్చటైన విషయం ఉంది. 1674లో చార్లెస్ ఇద్దరికీ తలా ఏడాదికి 100 పౌండ్లు రాసిచ్చాడు. ఆ ఉత్తర్వులో పని విడగొట్టి మరీ రాశారు: తండ్రికి సముద్ర యుద్ధాల నమూనాలు గీసినందుకు, కొడుక్కి ఆ నమూనాలను రంగుల్లోకి తెచ్చినందుకు. పనిచేసుకోవడానికి చోటు క్వీన్స్ హౌస్‌లోనే. అంటే గోదారి గారు ఎగ్జిబిషన్ చూసిన ఇంట్లోనే కుంచెలు కడుక్కున్నారు.

నీటిరంగులు
కొడుకును మర్చిపోతున్నాం. చిన్న విల్లెం, 1633లో పుట్టాడు. రాయల్ ప్రిన్స్ అనే ఇంగ్లీషు ఓడ లొంగుబాటు బొమ్మ అతనిదే. నాలుగు రోజుల యుద్ధంలో ఆ ఓడ ఇసుక దిబ్బ ఎక్కి ఇరుక్కుంది, అడ్మిరల్ ఐస్క్యూ పట్టుబడ్డాడు, ఓడను డచ్చివాళ్లు కాల్చేశారు. బొమ్మలో చూడండి: అంత పెద్ద ఓడ, కానీ ఆకాశం ఇంకా పెద్దది. తండ్రి ఓడను గీస్తే, కొడుకు ఓడ చుట్టూ ఉన్న గాలిని గీశాడు. తండ్రి కాగితం లేకపోతే కొడుకు బొమ్మ లేదు. కొడుకు లేకపోతే ఆ కాగితాలు ఎవరి బీరువాలోనో చెదలు పట్టేవి.

ఇంకోటి. గీసిన కాగితాన్ని ఇంకో కాగితం మీద నొక్కి నకలు తీసుకునేవాళ్లు. అలా ఒకే ఓడ పదేళ్ల తర్వాత వేరే బొమ్మలో వచ్చి కూర్చునేది. గ్రీనిచ్‌లో ఇలాంటివి కలుపుకుని వెయ్యికి పైగా కాగితాలున్నాయి. సాక్ష్యం కావాలంటే వాటిలో వెతకాలి.

విశాఖ_అలలు
సాక్ష్యం అంటే ఒక చిక్కు నేను చెప్తా. తుపాకిమందు ఫిరంగి ఒక్కటి పేలితేనే తెల్లటి పొగ కమ్మేస్తుంది. వంద ఓడలు కాలిస్తే? గాలి లేని రోజైతే పక్క ఓడ కూడా కనపడదు. తెరచాప కొయ్యల కొసలు, వాటి మీది జెండాలు, అంతే. అందుకే జెండాకి అంత విలువ. ఈయన బొమ్మల్లో పొగ మూటల్లా అక్కడక్కడ ఉంటుంది, మధ్యలో ఓడలన్నీ శుభ్రంగా కనపడతాయి. నిజంగా అక్కడున్నవాడు చూసింది దానికంటే తక్కువే.

నీటిరంగులు
అందుకే ఆయన గాలియట్ అటూ ఇటూ తిరిగేది! ఒక్కచోట ఉంటే పొగే కనపడేది. 1666లో డచ్చి అడ్మిరల్ డి రౌటర్ ఆ గాలియట్ నడిపేవాడికి చెప్పాడట, ఈయన ఎటు పొమ్మంటే అటు తీసుకెళ్లమని. పొగ లేని చోటు వెతుక్కుంటూ, పది ముక్కలుగా చూసి, ఒక్క బొమ్మలో కుట్టాడు. దాన్ని అబద్ధం అనను.

పాత_పేపరు
నేనూ అనను. పది ఫ్రేములు కలిపి ఒకటి చేశాడు. మాకు ఆ వీలు లేదు.

మోటుపల్లి_నావ
కొత్తగా చేరాను. ఇరవయ్యో శతాబ్దంలో ఇంగ్లండ్ చిత్రకారుడు నార్మన్ విల్కిన్సన్ కూడా ఇలాంటివాడే. 1915లో టర్కీలోని డార్డనెల్స్ జలసంధి దగ్గర నౌకాదళంలో పనిచేస్తూ గీశాడు. తర్వాత 1917లో జర్మన్ సబ్‌మెరైన్లను తికమక పెట్టడానికి ఓడలకు అడ్డదిడ్డంగా చారలు వేసే డాజిల్ పద్ధతి ఆయన ఆలోచనే. ఓడ ఎటు పోతోందో పెరిస్కోప్‌లో చూసేవాడికి తెలియకూడదు. బొమ్మలు వేసే కన్ను ఉంటేనే ఆ ఉపాయం తడుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో 54 బొమ్మలు వేసి దేశానికి ఇచ్చేశాడు.

బెజవాడ_బాబాయ్
ఒకాయన ఓడ స్పష్టంగా కనపడాలని జీవితమంతా గీశాడు, ఇంకొకాయన కనపడకూడదని ఓడ మీదే గీశాడు. భలే.

గోదారి_లండన్
మోటుపల్లి గారూ, విల్కిన్సన్ తన దేశం కోసం వేశాడు, ఉచితంగా ఇచ్చాడు. నా ప్రశ్న అదే కదా మొదటి నుంచి.

మోటుపల్లి_నావ
ఆయన దేశం మునిగిపోలేదు. పొలాలు ముంచుకోవాల్సిన పరిస్థితి రాలేదు. రెండూ ఒక తక్కెడలో పెట్టలేం.

కలం_కాళహస్తి
మా తాత ఒక మాట చెప్పేవాడు. గుడి వాళ్లు అడిగితే రామాయణం గీశాం, దొరలు అడిగితే పూలతీగెలు గీశాం, కలం మాత్రం మాదే అని. తిండి ఎవరు పెట్టినా గీత చెడకుండా చూసుకోవడం, మా ఇంట్లో నీతి అంటే అది. ఈయన ఇంగ్లండ్ వెళ్లాక డచ్చి ఓడల్ని చిన్నవిగా, చేతగానివిగా గీశాడా? అది చూడండి. కొడుకు 1687లో టెక్సెల్ యుద్ధం వేశాడు, మధ్యలో గౌడెన్ లేవ్, బంగారు సింహం పేరున్న డచ్చి ఓడ. ఇంగ్లండ్‌లో కూర్చుని వేసినా ఆ ఓడ రాజులా నిలబడింది.

గోదారి_లండన్
ఆ బొమ్మ చూశాను. గ్రీనిచ్‌లోనే ఉంది. చాలాసేపు దాని ముందే ఉన్నాను, కానీ అది డచ్చి ఓడ అన్న సంగతి ఇలా ఆలోచించలేదు. కాళహస్తి గారూ, ఇది నాకు నిజంగా పనికొచ్చే మాట. మళ్లీ వెళ్లి ఈసారి ఎవరి ఓడను ఎలా గీశారో ఒక్కొక్కటీ చూస్తా.

అయినా స్కూనెవెల్ట్ కాగితాల దగ్గర మాత్రం మనసు ఆగుతుంది. అది ఆగనివ్వండి.

విశాఖ_అలలు
ఆగాలి కూడా. నేనూ అంతే.

ఉప్పాడ_తీరం
అందరూ పెద్ద పెద్ద ఓడల గురించి మాట్లాడుతున్నారు. కాళహస్తి అన్న చెప్పిన టెర్‌హైడ్ బొమ్మ రైక్స్‌మ్యూజియం సైట్‌లో తెరిచి ఫోన్‌లో పెద్దది చేసి చూశా. ముందు వైపు చిన్న పడవలో ఒకాయన కూర్చుని కాగితం మీద గీస్తున్నాడు. అది ఆయనేనా?

ఆమ్‌స్టర్‌డామ్_అత్త
ఆయనే బాబూ. తనను తానే పెట్టుకున్నాడు. నేనూ అక్కడే ఉన్నాను అని సంతకం లాగా.

ఉప్పాడ_తీరం
అయితే నా అనుమానం ఇది. నేను మా నాన్న పడవలో చిన్నప్పటి నుంచి వెళ్లినవాణ్ణి. కెరటం మీద పడవ నిలకడగా ఉండాలంటే అమరం దగ్గర చుక్కాని పట్టినవాడికి కన్ను అటూ ఇటూ పోకూడదు. పక్కన ఒకడు తల వంచుకుని గీసుకుంటున్నాడంటే, వాడి ప్రాణం చుక్కానివాడి చేతిలో ఉన్నట్టే. ఫిరంగి గుండు ఎటు పడుతుందో, నిప్పు ఓడ ఎటు వస్తుందో, గాలి ఎప్పుడు తిరుగుతుందో అన్నీ చూసుకోవాల్సింది ఆ మనిషి. ఆ గీత వణకలేదంటే సగం గొప్ప వాడిదే. మీరు ద్రోహమా కాదా అంటున్న మనిషి ఇంగ్లండ్ వెళ్లాడు సరే, పడవ నడిపినవాడు ఏమయ్యాడు?

పాత_పేపరు
దివిసీమ లోపలికి నన్ను పడవలో తీసుకెళ్లినవాడి పేరు నేను ఆ రోజు అడగలేదు. ఇప్పుడు ఇది చదివి కూర్చుండిపోయాను.

నీటిరంగులు
ఉప్పాడ తమ్ముడూ, ఇన్నేళ్లుగా ఆ బొమ్మ పిల్లలకు చూపిస్తున్నాను. ఒక్కసారి కూడా ఆ వైపు చూడలేదు.

ఉప్పాడ_తీరం
అత్త గారూ, మీరు దగ్గరుండి చూడగలరు కదా. నా ఫోన్‌లో ఆ పడవ వెనక భాగం దగ్గర గీతలు కలిసిపోతున్నాయి. చుక్కాని మీద చెయ్యి ఉందా? ఆ మనిషి మొహం ఎటు తిరిగి ఉంది, యుద్ధం వైపా, గీసేవాడి వైపా?

ఆమ్‌స్టర్‌డామ్_అత్త
శనివారం వెళ్తున్నా. కళ్లజోడు మార్పించుకుని మరీ వెళ్తా. వచ్చి ఇక్కడే రాస్తాను.